తెల్లదారం కుట్లు

నా చిన్నప్పుడు కాడుగోడి ఇంకా పల్లెగానే ఉండేది. బెంగళూరు అంటే రైలెక్కి వెళ్ళే ఊరు. ఇప్పుడు అటువైపు అద్దాల మేడలు చూస్తున్నా, వాటి వెనక నుంచి నాకు నీలగిరి చెట్ల వాసన వస్తూనే ఉంటుంది. ఆ చెట్ల కింద ఎర్రమట్టి దారిలో, చేతిలో ఒక గౌను పట్టుకుని పదేళ్ళ పిల్ల నడుస్తూ కనిపిస్తుంది. ఆ పిల్ల నేనే.

ఆ వేసవిలో నా ప్రాణమంతా కాన్వెంటు బడి సీటు మీదే ఉండేది. పెద్ద టీచరు ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడితేనే సీటు. రాకపోతే మగ్గం దగ్గర కూర్చోమని మా నాన్న ముందే చెప్పేశాడు. రాయమంటే తప్పు లేకుండా రాసేదాన్ని. మాట్లాడమంటేనే కష్టం. వాక్యమంతా మనసులో పేర్చుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకునేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవారు.

మా పక్కింటి అక్క బట్టలు కుట్టేది. వైట్‌ఫీల్డు బంగళాల్లోని ఆంగ్లో ఇండియన్ దొరసానమ్మలు ఆమె దగ్గరే గౌన్లు కుట్టించుకునేవారు. అక్క మూడో తరగతితో చదువు ఆపేసింది. అయినా "ఎస్టర్డే ఐ యామ్ కమింగ్ మేడమ్, యూ ఆర్ నో హౌస్" అని గలగలా మాట్లాడేది. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. వాళ్ళు నవ్వేవారు, అక్కా నవ్వేది, పని జరిగిపోయేది.

ఒక మధ్యాహ్నం అక్క నన్ను పిలిచి, ఒక ముసలి దొరసానమ్మ ఎవరి పెళ్ళికో వేసుకోబోయే నీలం పట్టు గౌను చేతిలో పెట్టింది. "నాకు ఒళ్ళు బాగలేదు పాపా. నువ్వు సుమ్నే, ఊరికే అట్ల పోయి, ఆమెను తొడుక్కోమని చెప్పి, యాడ బిగువు ఉండాదో అడిగి రా" అంది.

దారిలో గౌను విప్పి చూశాను. దాని నిండా తెల్లదారంతో పొడుగు పొడుగు వదులు కుట్లు. మాది చీరలు నేసే ఇల్లు. మగ్గం మీంచి దిగిన బట్టలో ఒక్క దారం వేలాడినా మా నాన్న ఊరుకునేవాడు కాదు. వేలాడేది తీసెయ్యడమే నాకు తెలిసిన శుభ్రం. ఇలా చూపిస్తే అక్క పరువేం కాను అనుకుని, ఒక రాతిమీద కూర్చుని ఒక్కో దారమే లాగడం మొదలుపెట్టాను. ఆకుల నీడలు ఒళ్ళో ఊగుతున్నాయి, ఎక్కడో రైలు కూస్తోంది. ఎంత హాయిగా ఉందో ఆ పని. చివరి దారం లాగేసరికి చేతులు ఒకచోట, నడుము ఒకచోట, గౌను ముక్కలై ఒళ్ళో పడింది.

ఏడుస్తూనే బంగళా మెట్లెక్కాను. దొరసానమ్మ ముక్కల్ని చూసి, అక్క పేరెత్తి ఏదో గట్టిగా అంది. అక్కకు ఇక పని రాదని భయమేసింది. వాక్యం పేర్చుకునే తీరిక లేదు. "ఐ యామ్ పుల్ ద థ్రెడ్. అక్క నో మిస్టేక్. ఆల్ మిస్టేక్ ఐ" అనేశాను.

ఆమె నా చేతిలోని ముక్కల్ని తీసుకుని బల్లమీద పరిచింది. తర్వాత సూదుల డబ్బా తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. లేసు తెరల్లోంచి వచ్చే ఎండలో మేమిద్దరం ఆ ముక్కల్ని మళ్ళీ తెల్లదారంతో కలిపాము. ఆమె అడుగుతూ ఉంది, నేను తప్పులతడకగా చెబుతూనే ఉన్నాను.

తిరిగొచ్చి చెబితే అక్క పడీ పడీ నవ్వింది. "నా ఒళ్ళు బాగానే ఉండాది. నీ నోరు తెరిపించేకే పంపినా. తెల్లదారం గట్టి కుట్టు వేసినాక తీసేసేదే పాపా. కానీ ముందు అది ఉండల్ల, లేకుంటే తొడిగి చూసేకి కాదు. నా ఇంగ్లీషూ అంతే, తెల్లదారమే."

వారం తర్వాత పెద్ద టీచరు ముందు నాలుగైదు తప్పులతోనే మాట్లాడాను. ఆమె దిద్దింది, దిద్దినట్టే మళ్ళీ చెప్పాను. సీటు వచ్చింది.

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డులో మా అపార్టుమెంటు గేటు దగ్గర పూలమ్మే ఆమె, సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటోంది. తప్పు వినగానే దిద్దేద్దామని ఈనాటికీ నా నాలుక దురద పెడుతుంది. అంతలో ఒళ్ళో ముక్కలై పడిన ఆ నీలం గౌను గుర్తొస్తుంది. చేతులు కట్టుకుని, ఆమె చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పేదాకా వింటాను.