ఆదివారం వచ్చిన బండ్లు

మిరపకాయను ఎండబెట్టడం కంటే సంచికెత్తడం కష్టం. బాగా ఎండిన కాయను అలాగే తొక్కితే విరిగిపోయి గింజ రాలుతుంది. అందుకే ముందు రోజు సాయంత్రం కళ్లంలో నీళ్లు చిలకరిస్తారు. కాయ మెత్తబడ్డాక పొద్దున్నే సంచుల్లోకి తొక్కుతారు. ఆ సంచి రెండు మూడు రోజుల్లో కొన్నవాడి ఇల్లు చేరాలి, అతను విప్పి మళ్లీ ఆరబోసుకోవాలి. లేకపోతే లోపల బూజు పడుతుంది. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

అది పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. కోదాడ నుంచి మఠంపల్లి వైపు పోయే దారిలో ఒక పల్లెలో నేను క్రైస్తవ సంఘానికి ఉపదేశిని, బడికి పంతుల్ని. మిర్యాలగూడలో రెండేళ్లు వాక్యం నేర్చుకుని కొత్తగా వచ్చాను. మా సంఘంలో ఆరు కుటుంబాలు కౌలు భూమిలో మిరప వేసేవి. ఏటా సూర్యాపేట షావుకారి మనిషి వచ్చి, మంచి కాయను కూడా తాలు, అంటే రంగు పోయిన చెత్త కాయ, అని పక్కకు నెట్టేవాడు. దళారీ, అతనూ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. పండించినవాళ్లకు ఆ ధర చివరన తెలిసేది.

ఈ బాధ చూడలేక నేనే నిజాం సరిహద్దు అవతల, జగ్గయ్యపేట దగ్గర కారం మర నడిపే ఒక ఆసామికి ఉత్తరం రాశాను. తానే వచ్చి, కళ్లంలోనే కాయ చూసి, అందరి ముందూ ధర చెప్పి ఎత్తుకుపోతానని ఆయన జవాబు రాశాడు. శనివారం వస్తానన్నాడు.

ఆ ఆరు ఇళ్లలో అందరికంటే ఎక్కువ సంబరపడింది ఒక అక్క. ఆమె భర్త దొర ఇంట్లో జీతగాడు. జీతగాడికి ఆదివారం లేదు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆయన ఒక్క ఆరాధనకూ రాలేకపోయాడు. ఉగాదికి ఆయన ఏడాది కట్టు తీరుతుంది. ఆలోగా ఎడ్ల జత కొంటే సొంతంగా సేద్యం చేసుకోవచ్చు, మళ్లీ జీతానికి ఒప్పుకోనక్కర్లేదు, ఆదివారం గుడిలో మగవాళ్ల వరసలో చాప మీద కూర్చోవచ్చు. ఆమె కోరికంతా అదే. అంగడిలో ఎడ్లను చూసి కూడా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం నీళ్లు చల్లి, శనివారం పొద్దున సంచులు తొక్కారు. ఘాటుకు తుమ్ముతూనే ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించారు.

“ఎడ్లు ఇంక రానేలేదు, పలుపులు పేనుకున్నది. మొగన్ని కట్టేస్తదో ఏందో.”

“కట్టేస్త. గుడిల గుంజకు కట్టేస్త” అందామె.

శనివారం బండ్లు రాలేదు. ఆదివారం మేము రెండో కీర్తన పాడుతుండగా ఎడ్ల గంటలు వినిపించాయి. మూడు బండ్లు. సరిహద్దు నాకా దగ్గర సిపాయిలు ఒక పూటంతా నిలిపేశారని ఆసామి చెప్పాడు. వెంటనే ఎత్తుకుని తిరిగిపోవాలన్నాడు. సంఘమంతా నా వైపు చూసింది.

ఈ రోజు క్రయవిక్రయాలు కుదరవని చెప్పాను. సోమవారం తెల్లవారగానే ఎత్తమన్నాను. మీరెవరూ చెయ్యి వేయొద్దు, మా మనుషులే ఎత్తుతారు, డబ్బు ఇక్కడ మా మనిషి దగ్గర ఉంచిపోతాను, రేపు పుచ్చుకోండి అని ఆయన దారి చూపించాడు. అమ్మకం అమ్మకమేనన్నాను. విశ్రాంతి దినాన్ని పాటించమనే నాలుగో ఆజ్ఞ గురించి నిలబడి పావుగంట చెప్పాను. నా గొంతు నాకే బాగుందనిపించింది. ఆ మాట ఒప్పుకోకుండా ఇది రాయడం అబద్ధమవుతుంది.

ఆసామికి కోపం రాలేదు. “పంతులుగారూ, ఇవాళ నాకాలో ఉన్నవాడు తెలిసినవాడండీ. రేపు ఎవడుంటాడో, అసలు దారే ఉంటుందో లేదో. మీ దేవుడికి చెప్పి చూడండి” అన్నాడు. బండ్లు తిప్పుకున్నాడు. పక్క ఊళ్లో కాయ ఎత్తుకుని వెళ్లాడని తర్వాత తెలిసింది.

ఆ అక్క కొంగు నెత్తి మీదికి లాక్కుని మళ్లీ చాప మీద కూర్చుంది.

సోమవారం మేమే బండ్లు కట్టుకుని పోయాం. నాకా దగ్గర దారి మూసేశారు. రెండు రోజులు ఎండలో పడిగాపులు కాశాం, సిపాయిలు కట్టెలు చూపించి వెనక్కి తరిమారు. ఇంటికొచ్చి సంచులు విప్పితే లోపల కాయ తెల్లబడి ఒకదానికొకటి అంటుకుని ఉంది. నేను చెయ్యి పెట్టాను. వెచ్చగా, మురుగు వాసనతో ఉంది. సూర్యాపేట మనిషి వచ్చి తాలు అన్నాడు, ఈసారి అది నిజమే.

ఉగాది ముందు రోజు ఆమె బడి గుమ్మం దగ్గరికి వచ్చింది.

“అయ్యా, గుంటల పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన తియ్యొచ్చని ప్రభువు చెప్పిండని మీరే కద నేర్పింది.”

“అవునక్కా.”

“మరి గా దినం మీకు యాదికి రాలేదా?”

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. చదువుకున్నవాణ్ణి కనుక నాకు జవాబు తెలిసి ఉంటుందని అడిగింది. ఆ భాగం నాకు కంఠతా వచ్చు. బండ్లు వచ్చిన ఆ ఉదయం నా నోటికి రాలేదు. ప్రభువే నా నోరు మూశాడని అనుకునే ధైర్యం నాకు లేదు. ఆ పావుగంటా తెరిచి ఉన్న నోరు నాదే.

తర్వాతి ఆదివారం ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచాను. తెరవకూడదు, కానీ గంటలు వినిపించాయి. బయట ఆమె భర్త, మళ్లీ ఏడాదికి జీతం ఒప్పుకుని, దొర ఎడ్లను నీళ్లకు తోలుకుపోతున్నాడు. వాటి మెడల్లో ఆమె పేనిన కొత్త పలుపులున్నాయి. లోపల ఆమె కళ్లు మూసుకుని, నేను చెప్పిన ప్రతి వాక్యానికీ ఆమేన్ అంటూనే ఉంది.