ఖాళీ గొయ్యిని చూసి సిగ్గుపడిన ఇంజినీరు

ఒక్క బుర్రతక్కువ పనితో బొగ్గు యార్డు పరువునీ, పక్కనున్న ఎండుచేపల ఒడ్డునీ ఒకే పూటలో ముంచిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, అది నేనే.

తొంభైల చివర్లో విశాఖపట్నం రేవు దగ్గర బొగ్గు పోసే యార్డులో జూనియర్ ఇంజినీరుగా చేరాను. పట్టా చేతికొచ్చి ఆర్నెల్లు కాలేదు. లోకంలో నాకు తెలియనిదేమీ లేదని గట్టి నమ్మకం.

యార్డు పల్లపు మూలన ఒక పెద్ద గొయ్యి తవ్వించి నాకు అప్పగించారు. ఎండాకాలమంతా పేరుకున్న బొగ్గుమసి తొలి వానకు ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. ఆ నల్లనీళ్లు గోతిలో ఒక రోజు ఆగితే మసి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు సన్నటి గొట్టంలోంచి మెల్లగా సముద్రంలోకి పోతాయి. ఎంత తెలివైన ఏర్పాటో చూశారా? కానీ వాన లేని నెలల్లో అది ఉత్త గొయ్యి. అడుగున పిచ్చిమొక్కలు, వాటిని మేసే రెండు మేకలు.

ఇంతలో పెద్ద ఇంజినీరుగారు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అంతటి మనిషిని పిలిచి మేకలను చూపించడమా?

"మేస్త్రీ, ఆ గొట్టంలో గోనెసంచులు కుక్కించు. ట్యాంకర్లు తెప్పించి గొయ్యి నింపుదాం" అన్నాను.

సూరి మేస్త్రీ నాకేసి జాలిగా చూశాడు. "ఏటి సేత్తన్నారు బాబూ? వానొత్తే ఆ నీల్లెక్కడికెల్తాయి?"

"వానెక్కడుంది? ఆకాశం చూడు."

"నాను ఆకాసవే సూత్తన్నాను బాబూ. మీరు గొయ్యినే సూత్తన్నారు."

వింటే నేను నేనెందుకవుతాను? రెండు రోజుల్లో గొయ్యి అంచుదాకా నిండింది. మురిసిపోయి గట్టుకు సున్నం కొట్టించి, కొబ్బరికాయ కూడా కొట్టాను.

పెద్దాయన రావడం, వాన రావడం ఒకే మధ్యాహ్నం జరిగాయి. నిండు కుండ తొణకదంటారు. నిండు గొయ్యి మాత్రం గట్టు దాటి పరుగెత్తుతుంది. బొగ్గునీళ్లు కాలువల్లో దూకుతూ వచ్చి, గోతిలో చోటు లేక, నేరుగా ఒడ్డు వైపు పోయాయి. ఎక్కడిదాకా పోతాయో అని నేను కుతూహలంగా చూస్తూ నిలబడ్డాను. అక్కడ చేపలు ఎండుతున్నాయని ఆలస్యంగా గుర్తొచ్చింది.

గంటలో నూకరత్నం ఆఫీసులోకి వచ్చింది. ఒడ్డున చేపలు ఎండబెట్టి సంతలో అమ్మే మనిషి. దించిన గంపలో చేపలు కాలిన పుల్లల్లా ఉన్నాయి.

"పైనొచ్చే వానకి పరదా కప్పీసినాను బాబూ. కిందనొచ్చే మీ నీల్లకి ఏటి కప్పమంతారు? వారం నాల్ల పని. రేపు సంతకి ఏటి అట్టుకెల్లాల?"

నాకు నిజంగా సిగ్గేసింది.

వాన వల్ల ఆఫీసులోనే ఉండిపోయిన పెద్దాయన అడిగారు. "గొయ్యి ఎందుకు నింపావయ్యా?"

"ఖాళీగా ఉంటే బాగోదని, సార్."

నూకరత్నం అందుకుంది. "కాలీగుండటవే కదేటి దాని పని? పొద్దున్న రేవుకి నాను కాలీ గంపే అట్టుకెల్తాను. నిండు గంపట్టుకెల్తే సేపలెందులో ఎయ్యించుకుంతాను?"

పెద్దాయన నవ్వాపుకోలేకపోయారు. "విన్నావా? మురికినీళ్లను ఆపమంటే, నువ్వు మంచినీళ్లను ఖైదు చేసి మురికినీళ్లను విడుదల చేశావు. మళ్లీ ట్యాంకరు పిలువు. ఈసారి గోతికి కాదు, చేపలకు."

మూడు రోజులు చేపలు కడిగాను, ఉప్పు పట్టించాను, ఎండలో తిరగేశాను. నూకరత్నం పక్కనే కూర్చుని "తోక కాడ మసి ఒగ్గీసినావు బాబూ" అంటూ పని నేర్పింది. ఆ సంత తప్పిపోయింది. తరవాతి సంతలో మాత్రం "ఇంజినీరు బాబు కడిగిన సేపలు" అని కేకేసి, పూట తిరక్కుండా మొత్తం అమ్మేసింది.

ఆ ఎండుచేపల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఖాళీగా ఉన్నదేదైనా సరే, దాన్ని చూసి ఈ జన్మలో మళ్లీ సిగ్గుపడను. మా ఆవిడ మాత్రం, ఆ ప్రమాణం నా బుర్రకు కూడా వర్తిస్తుందా అని అడుగుతోంది.