మెట్ట మీద పదిమంది ఆడపిల్లలు

రత్నమణికి లోకంలో తనదంటూ చెప్పుకోవడానికి ఒక కథ ఉండేది. కోటవురట్లలో ఇంటింటికీ తిరిగి బైబిల్ చదివి చెప్పే బైబిల్ ఉమన్ కడుపున పుట్టి, టీచర్ ట్రైనింగ్ చదివి, పెళ్లయిన మూడో ఏడే భర్తను పోగొట్టుకుని, నర్సీపట్నం మిషన్ ఆడపిల్లల బోర్డింగుకి మేట్రన్‌గా వచ్చింది. పిల్లలు లేరు. గదిలో ఉన్న మంచం, కుర్చీ, బొమ్మలు అంటించి కథలు చెప్పే ఫ్లానెల్ బోర్డు, అన్నీ మిషన్ వాళ్లవే. కథ మాత్రం అచ్చంగా ఆవిడ సొంతం.

సాయంత్రం ప్రార్థన అయ్యాక రోజుకి కాస్త చెప్పేది. పదిమంది ఆడపిల్లలు ఎక్కిన పడవ తాండవ రిజర్వాయర్లో గాలికి కొట్టుకుపోయి, నీళ్ల మధ్య ఒక మెట్టకు తగులుతుంది. తోడు పెద్దవాళ్లెవరూ లేరు. అయినా ఆ పిల్లలు లీడరును ఎన్నుకుంటారు, వేళకు లేస్తారు, మెట్టంతా ఊడుస్తారు, పళ్లు పంచుకుంటారు, ప్రార్థన చేసుకుని పడుకుంటారు. మంచి పెంపకంలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లు లేకపోయినా మనుషుల్లాగే ఉంటారని ఆవిడ నమ్మకం. ఆ మంచి పెంపకం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు కదా. బోర్డింగులోని ముప్ఫై ఇద్దరు పిల్లలూ చేతులు కట్టుకుని వినేవారు. కొందరు కూర్చునే నిద్రపోయేవారు. రత్నమణి దాన్ని భక్తి అనుకునేది.

డెబ్బై ఎనిమిదిలో అప్పయమ్మ వంటమనిషిగా వచ్చి పడింది. నాతవరం దగ్గర పల్లెటూరు. అక్షరం ముక్క రాదు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. బోర్డింగులో ఒక పద్ధతి ఉండేది. రేపటి బియ్యంలో రాళ్లు పిల్లలే ఏరాలి. పొద్దువాలే వేళ వంటింటి అరుగు మీద చేటలు పెట్టుకుని కూర్చునేవారు. అప్పయమ్మ వచ్చిన వారానికే ఆ అరుగు మీద కథ మొదలైంది. అదీ మేట్రనమ్మ కథే!

"పెద్దోలు లేకపోతే మెట్ట ఊడుత్తార్రా ఎవులైనా? నాను సెప్తాను ఇనండి. మొట్టమొదట జడలిప్పేసినారు. మొకాలకి మసి పూసుకున్నారు. రెండు జట్లయిపోనారు. ఇంక సూడు, కేకలే కేకలు!"

పిల్లలు కూడా కేకలేసేవారు. రాళ్లు ఏరడం అయిపోయినా లేచేవారు కాదు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతున్నట్టు నటించేవారు. ఆ కేకలు వినబడగానే రత్నమణి తన గది తలుపు ధడాలున వేసుకునేది. ఆ తర్వాత అప్పయమ్మ కథ ఎటు పోయేదో ఆవిడ ఏనాడూ వినలేదు.

తను కన్న కథను ఇంకొకత్తె ఎత్తుకుపోయి, జుట్టు విరబోసి, వీధిలో ఆడిస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు ప్రార్థన తర్వాత తను బోర్డు తీస్తే ఒక్క పిల్లా ముందుకు జరగదు. చిన్న సువర్ణ అయితే ముఖం మీదే అడిగేసింది.

"మేట్రనమ్మా, మీ మెట్ట మీద ఎవులూ కొట్టుకోరేటి?"

ఆ రాత్రి రత్నమణి అన్నం ముట్టలేదు.

మర్నాడు పాస్టరు ఏసుపాదం గారి దగ్గరకు వెళ్లింది. ఆ వంటామె పిల్లల్ని అడవి మృగాల్ని చేస్తోందని, వెంటనే మాన్పించమని చెప్పింది. ఆయన నెమ్మదస్తుడు.

"కథ చెప్పిందని కూడు తీసేస్తామా అమ్మా? పిల్లలు నిజంగా పాడైపోయినట్టు మీ కళ్లతో చూసి చెప్పండి. అప్పుడు మాన్పించేద్దాం."

చూడటానికి శనివారం కుదిరింది. కోటవురట్లలో స్త్రీల సమాజం కూడిక. అక్కడ వంటకు సాయం చెయ్యమని అప్పయమ్మను పొద్దున్నే బస్సెక్కించింది. వాచ్‌మన్ సింగన్నకు సెలవిచ్చేసింది. తనకు పాస్టరు గారింట్లో పనుందని, సాయంత్రానికి వస్తానని పిల్లలకు చెప్పింది. భోజనాల గదిలో బల్ల మీద అరటిపళ్లు పెట్టింది. ముప్ఫై ఇద్దరికి ఇరవై ఒక్క పళ్లు. పొరపాటు కాదు, లెక్కపెట్టే పెట్టింది. తర్వాత పెరటివైపు నుంచి చుట్టుతిరిగి వచ్చి, భోజనాల గదిని ఆనుకున్న బియ్యం కొట్లో దూరి, తలుపు సందుకు కన్ను ఆనించింది.

అక్కడ నిలబడ్డాక గానీ తన అవస్థ ఆవిడకు అర్థం కాలేదు. పిల్లలు బుద్ధిగా ఉంటే తన కథ నిజం, కానీ అప్పయమ్మ ఉండిపోతుంది. పిల్లలు కొట్టుకుంటే అప్పయమ్మ పోతుంది, కానీ అప్పయమ్మ కథే నిజమవుతుంది. రత్నమణి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ప్రభువా, వీళ్లు కొట్టుకునేలా చూడు, అని.

అరగంటలో జడలు ఊడాయి. పొయ్యిలోంచి బొగ్గులొచ్చాయి. ముఖాలన్నీ మసి. బెంచీలు తిరగబడ్డాయి. అందరికంటే ముందు బల్లెక్కి అరిచింది గున్నమ్మ. పన్నెండేళ్ల పిల్ల, కొయ్యూరు పైన కొండ ఊరు. ముందు తెగబడేది ఆ కొండపిల్లేనని రత్నమణి ఎప్పుడో తీర్మానించేసుకుంది. ఆవిడకు లోలోపల సంబరమైంది. పళ్ల మీద పడనీ, ఒక్క దెబ్బ పడనీ, బయటికి వస్తాను అనుకుంది.

పళ్ల దగ్గరికి రాగానే అరుపులు ఆగాయి. గున్నమ్మ బల్ల మీద నుంచే లెక్కపెట్టింది.

"అప్పయమ్మ కతలోలాగే! ముందర బుడ్డోలు రండర్రా. బుడ్డోలు తినకపోతే మెట్ట మునిగిపోద్ది!"

ఆ ముక్క రత్నమణి అంతకుముందెప్పుడూ వినలేదు. రోజూ తను తలుపు వేసుకున్నాక వచ్చే ముక్క అది.

చిన్నపిల్లలు ఎనిమిది మందికి తలొక పండు. పెద్దవాళ్లు ఇరవై నలుగురికి తలా సగం. మసి ముఖాలతో వరుసలో నిలబడి తీసుకున్నారు. ఒక పండు మిగిలింది.

"ఇది అప్పయమ్మకి," అంది గున్నమ్మ.

"మరి మేట్రనమ్మకో?" అని సువర్ణ అడిగింది.

"ఆవిడే కదే తక్కువెట్టి ఎల్లింది. మనం కొట్టుకుంటే ఆవిడికేటొత్తాదో!"

రత్నమణి బియ్యం బస్తాల మధ్యకు జరిగింది. బయటికి వెళ్లే మొహం లేదు. సాయంత్రం దాకా అలాగే నిలబడింది.

అప్పయమ్మ తిరిగొచ్చి పిల్లల్ని చూసి పగలబడి నవ్వింది. ఒక్కొక్కరినీ నూతి దగ్గరికి తోలి ముఖాలు కడిగించింది. పండు చేతికిస్తే రెండు ముక్కలు చేసింది.

"మీ మేట్రనమ్మ పొద్దుట్నుంచి ఏటి తిన్నాదో ఏటో. ఆవిడికుంచండి."

రత్నమణికి అప్పుడు పుట్టిన కుళ్లు అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు. కథ తీసుకుంది, పిల్లల్ని తీసుకుంది, చివరికి మంచితనం కూడా దీని సొత్తేనా అనుకుంది. పెరటి దారిన బయటపడి, వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. అప్పయమ్మ ఆవిడ చీరకంటిన బియ్యం దుమ్ము చూసింది. ఏమీ అడగకుండా కొంగుతో దులిపి, సగం పండు చేతిలో పెట్టింది. అడిగి ఉంటే బాగుండేది, తిట్టడానికి ఒక వంకైనా దొరికేది.

రాత్రంతా ఆలోచించింది. మసి చూశాను, అరుపులు విన్నాను, బెంచీలు తిరగబడ్డాయి అని చెబితే చాలు. అన్నీ నిజాలే. పళ్ల సంగతి చెప్పకపోతే సరిపోతుంది.

తెల్లారి ఆరాధనకు ముందు పాస్టరు గారి ముందు నిలబడింది. కానీ నోరు తెరిచేసరికి తన మెట్ట మీది పదిమంది పిల్లలూ గుర్తొచ్చారు. పెద్దవాళ్లు లేకపోతే పిల్లలు మృగాలవుతారని తన నోటితోనే చెబితే ఆ పదిమందినీ తనే నీళ్లలోకి తోసేసినట్టు.

"బుద్ధిగానే ఉన్నారండీ," అంది. "తక్కువ పళ్లు పెట్టి చూశాను. చిన్నవాళ్లకి ముందు పెట్టి, పెద్దవాళ్లు తలో సగం తిన్నారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఏళ్ల తరబడి మీరు చెప్పిన కథ ఫలం, అమ్మా ఇది."

అప్పయమ్మ పేరు గొంతు దాకా వచ్చింది. రత్నమణి దాన్ని మింగేసింది.

"అవునండీ," అంది.

ఆరాధన అయ్యాక ఏసుపాదం గారు ఆ సంగతి సంఘమంతటికీ చెప్పారు. మేట్రనమ్మగారి కథల మూలంగా పిల్లలు ఎంత చక్కగా పెరిగారో విడమరిచి చెప్పి, ఆవిడను లేచి నిలబడమన్నారు. రత్నమణి లేచింది. పిల్లల వరుసలో గున్నమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తలెత్తి తిన్నగా ఆవిడ వంకే చూస్తూ కూర్చుంది. వెనక చాప మీద నుంచి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అప్పయమ్మ. పక్కనున్న వాళ్లను మోచేత్తో పొడిచి, కొట్టండని కొట్టించింది. ఆ ముఖంలో రవ్వంత వెటకారం ఉందేమోనని రత్నమణి ఎంత వెతికినా కనబడలేదు. ఇంకొకరి కోసం అలా చప్పట్లు కొట్టడం తన చేతులకు ఎప్పటికీ రాదని తెలిసి, నిలబడిన చోటే ఆవిడ అప్పయమ్మ చేతుల్ని చూసి కుళ్లుకుంది.