ఖాళీ గూళ్ళ మీద రెండువందల దెబ్బలు

ఎవరైనా నా ముందు "పాత సరుకే సరుకు, ఇప్పటి వస్తువుల్లో పస లేదు" అంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చెప్పేది అబద్ధమని కాదు. ఆ నిజం తెలిసి కూడా నేనేం చేశానో గుర్తొస్తుంది.

సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పిలిచి ఇస్తున్న రోజులవి. సైన్స్ పార్క్‌లో నా పని టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టి పట్టికకు ఎక్కించడం. ఆ పని చేసీ చేసీ, తప్పంటూ ఉంటే అది ఎదుటివాడి దగ్గరే ఉంటుందన్న ధీమా వచ్చేసింది. శనివారాలు మాత్రం నేనుండే టాంపినీస్ నుంచి రైలెక్కి, చోవా చూ కాంగ్ అవతల ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకు వెళ్ళేవాణ్ణి. క్లబ్బు తుపాకీ క్లబ్బులోనే కాల్చి, అక్కడే అప్పగించి రావాలి.

అప్పగించేది ఒక పెద్దాయనకు. ఆయుధాల గది తాళాలూ, తుపాకుల మరమ్మతులూ ఆయనవే. తాతల కాలంలో మలయా రబ్బరు తోటలకు వచ్చిన తెలుగు కుటుంబం. ఆయన తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్ కలిసి ఉండేవి. నేను అంకుల్ అనేవాణ్ణి, ఆయన తంబీ అనేవారు.

ఆయన కాపాడుకొస్తున్న వాటిలో చిన్న తూటాలు పేల్చే ఒక పాత ట్వంటీటూ రివాల్వర్ ఉండేది. వయసులో నాకంటే పెద్దది. దాని ట్రిగ్గర్ నూనె పెట్టిన గడియలా జారేది. తూటాలు పట్టే ఆరు గూళ్ళ సిలిండర్ తిరిగి ఆగితే వెంట్రుకంత కదలిక ఉండేది కాదు. ఎవరో చేత్తో ఆకురాయి పట్టి, ఒక్కో ముక్కా సరిచూసి కూర్చిన పని. అదే రకంలో కొత్తది ఒకటి తెప్పించారు. పైకి తళతళ. ట్రిగ్గర్ మాత్రం సగం దూరంలో ఇసుక తగిలినట్టు ఆగి కదిలేది. సిలిండర్ లొడలొడలాడేది. కాల్చినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఏది మంచిదో.

అయినా ఏది ఉంచాలో తేల్చడానికి క్లబ్బు కమిటీకి కాగితం కావాలి. నేను టెస్టర్ని కాబట్టి రెండింటినీ పోల్చి రాయమన్నారు. నా మొహానికి అదో గొప్ప. రెండింటికీ ఒకే పరీక్ష, తూటాలు లేకుండా చెరో రెండువందల సార్లు ట్రిగ్గర్ లాగడం అని నేనే నిర్ణయించాను.

పెద్దాయన ఆపారు. ఈ చిన్న తూటాలో పేలే మందు అడుగు అంచున ఉంటుంది, అందుకే ట్రిగ్గర్ లాగితే వచ్చి కొట్టే పిన్ను నడిమధ్యన కాక అంచు మీద కొడుతుంది. గూడు ఖాళీగా ఉంటే ఆ దెబ్బ నేరుగా సిలిండర్ ఇనుము మీదే పడుతుంది. కొత్తదానిలో పిన్ను ముందే ఆగేలా చేశారు, పాతదానిలో ఆ ఏర్పాటు లేదు. కాల్చేసిన తూటాల తొడుగులు పెట్టి లాగు, అవి నలిగిపోగానే మార్చు అని చెప్పి, గుప్పెడు నా చేతిలో పోసి వెళ్ళారు.

ముప్పై సార్లకే విసుగొచ్చింది. ఒకదానికి తొడుగులు, ఇంకోదానికి లేకపోతే పరీక్ష సమానమెలా అవుతుందని నాకు నేనే లాయర్నై వాదించుకున్నాను. తొడుగులు తీసేసి, పాతదాన్ని ఖాళీ గూళ్ళ మీద టకటకా లాగి లెక్క పూర్తిచేశాను.

మరుసటి శనివారం నిజం తూటాలతో కాలిస్తే పాతదానిలో తొడుగులు ఇరుక్కున్నాయి. పెన్సిలు పెట్టి పొడిస్తే గానీ ఊడలేదు. "పాతది: ఆరింట నాలుగు ఇరుకుతున్నాయి. కొత్తది: లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

పెద్దాయన భూతద్దం పెట్టి సిలిండర్ చూశారు. నన్నూ చూడమన్నారు. ప్రతి గూటి అంచునా చిన్న సొట్ట, సొట్ట వెంట లోపలికి పొడుచుకొచ్చిన ఇనుము. ఆరూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇది వయసుకు వచ్చింది కాదు తంబీ," అన్నారు. భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు.

కమిటీ కూర్చున్న రోజు నా పట్టికను తెగ మెచ్చుకున్నారు. తర్వాత ఆయన వైపు తిరిగి, ఇన్నాళ్ళూ దీన్ని ఎలా చూసుకున్నారని అడిగారు. ఆయన నా వైపు చూశారు. నేను కాగితం తిప్పాను. అది చివరి పేజీ, దాని వెనక ఏమీ లేదు. అయినా తిప్పాను.

"సుదా," అన్నారాయన మలయ్‌లో, అయిపోయిందన్నట్టు. "పాతదయింది."

ఆ రివాల్వర్‌ను ముక్కలు చేయడానికి పంపాలని రాసుకున్నారు. సంరక్షణ సరిగా లేదని ఇంకో వాక్యం చేర్చి, ఆయుధాల గది తాళాలు వేరే అతనికి ఇమ్మన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. టీ కూడా ఇచ్చారు. తాగాను, సిగ్గు లేకుండా.

బయటికొచ్చాక ఆయన గదికి వెళ్ళాను. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి, వచ్చేవాడి కోసం బల్ల మీద వరసగా పెడుతున్నారు. తప్పు నాదే అంకుల్ అన్నాను. తెలుసన్నట్టు తలూపారు.

"చెప్పుంటే నీ వేలై, ఉద్యోగం, పోయేదా తంబీ? ఇక్కడుండే పర్మిట్ తీసేసేవాళ్ళా?"

"లేదంకుల్."

"మరి ఎందుకు చెప్పలా?"

దెప్పిపొడవడానికి అడగలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు, ఆరా తీస్తున్నారు. చేతిలో గుడ్డతో అలాగే నిలబడి, నేను ఏదో ఒకటి చెబుతానని చూశారు. కారణమని చెప్పడానికి భయమైనా ఉంటే బాగుండేది. రైలుకు టైమవుతోందని చెప్పి వచ్చేశాను. ఆ ఊళ్ళో రైళ్ళు అయిదు నిమిషాలకొకటి వస్తాయని ఇద్దరికీ తెలుసు.