బోర్డు మీద ఒక్కటే పేరు

మా బడిలో ముక్కు మీద కోపం ఎవరికి అని అడిగితే, ఆరో తరగతి పిల్లల నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరూ నన్నే చూపిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నేను మెట్లెక్కుతుంటే చెప్పుల చప్పుడుకే రెండు తరగతులు సద్దుమణుగుతాయి. నిజం చెప్పొద్దూ, అది నాకు చాలా ఏళ్ళు గొప్పగానే ఉండేది.

అలాంటి నాకు మా హెడ్మిస్ట్రెస్ శనివారం ఐదో పీరియడ్ అప్పగించింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు నేర్పాలట. కోపం వస్తే ఏం చెయ్యాలి, బాధ కలిగితే ఎలా చెప్పుకోవాలి, పక్కవాళ్ళ కష్టం ఎలా వినాలి, ఇవన్నీ. స్టాఫ్ రూములో నవ్వులే నవ్వులు. హిందీ మేడం టిఫిన్ డబ్బాకు మూత పెడుతూ, "కోపం సంగతి మీకంటే ఎవరికెరుక మేడం? రోజూ ప్రాక్టికల్స్ చేస్తున్నరు కదా!" అంది. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్ళు మండింది. నవ్వుకోండి, ఈ పీరియడ్ ఎలా నడుస్తుందో చూద్దురుగాని అనుకున్నాను.

దానికి ముందు ఖైరతాబాద్‌లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పిన అమ్మాయిది నా కూతురి వయసు. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమంటే నా పక్కనున్న సారు ఏకంగా గురక పెట్టాడు. నేను మాత్రం ఆ అమ్మాయి చెప్పిన ఒక మాట పుస్తకంలో రాసుకున్నాను. మనసులో మాట చెప్పుకునే చోటు బడిలో ఒకటి ఉండాలి, అక్కడ చెప్పినందుకు పిల్లకు ఏ నష్టమూ జరగకూడదు అంది. ఆ వాక్యం కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. గీత గీసినంత మాత్రాన తలకెక్కినట్టు కాదని నాకు మూడు వారాల్లోనే తెలిసొచ్చింది.

మా బడి ఆబిడ్స్‌కూ నాంపల్లి స్టేషన్‌కూ మధ్య ఒక సందులో ఉంటుంది. రైలు కూత పెడితే పాఠం ఆపి, అది అయిపోయాక మళ్ళీ మొదలుపెడతాం. ఇంకో అలవాటు కూడా ఉంది, అది మా ఒక్క బడిదే కాదు. టీచర్ రావడం ఆలస్యమైనా, వచ్చి ఏదైనా రాసుకుంటున్నా, క్లాస్ లీడర్ చాక్‌పీస్ పట్టుకుని బోర్డు పక్కన నిలబడుతుంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు బోర్డు మూలన పడుతుంది. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. పేరు పడ్డవాళ్ళకు నా దగ్గర ఆటల పీరియడ్ ఉండదు. అందరూ గ్రౌండుకు పోతే వాళ్ళు క్లాసులో కూర్చుని ఎక్కాలు రాయాలి. చిన్నప్పుడు నేనూ లీడర్‌గా ఉండి ఎంతోమంది పేర్లు రాశాను. దాని గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

మొదటి రెండు శనివారాలు నా పీరియడ్ చప్పగా నడిచింది. "ఈ వారం మిమ్మల్ని బాధపెట్టిన సంగతి ఒక్కటి చెప్పండి" అని అడిగితే నలభై మంది పిల్లలు తలలు దించుకుని డెస్కుల వైపు చూశారు. రెండో వారం నాకు ఓపిక పోయి "నోర్లు లేవా మీకు?" అని అరిచాను. ఇంకా బిగుసుకుపోయారు.

మూడో శనివారం ఒక పిల్ల లేచింది. ఆ ఏడే జూన్‌లో మెదక్ వైపు నుంచి వచ్చి చేరింది. వాళ్ళమ్మ మొజంజాహీ మార్కెట్‌లో ఒక పండ్ల దుకాణంలో పనిచేస్తుంది. పిల్ల కూడా పొద్దున్నే వెళ్ళి, మెత్తబడ్డ పండ్లను ఏరి పక్కన పెట్టి, ఆ తర్వాత బడికి వస్తుంది. రెండు చేతులూ డెస్కు మీద ఆనించి గడగడా చెప్పేసింది.

"మేడం, నా పక్కన ఎవ్వరు కూసుంటలేరు. మురిగిన పండ్ల వాసనొస్తదంటరు. నేను పనైనంక స్నానం చేసే వస్తున్న. అయినా గట్లనే అంటరు. నాకు మస్తు బాధైతది."

సరిగ్గా అప్పుడే ఆయా నోటీసు పుస్తకం పట్టుకుని లోపలికి వచ్చింది. నేను ఆ పిల్లతో "ఉండు, ఒక్క నిమిషం" అన్నాను. సోమవారం కల్లా పరీక్ష పేపర్లు తయారుచేసి ఇవ్వాలని నోటీసు. నేను ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు. సంతకం పెడుతుండగానే గంట కొట్టారు, తర్వాతిది ఆటల పీరియడ్. తల తిప్పితే బోర్డు మూలన ఒక్కటే పేరు, చక్కటి గుండ్రటి అక్షరాల్లో. రోజూ చేసే పనే చేశాను. "పేరున్నోళ్ళు ఉండున్రి, మిగిలినోళ్ళు గ్రౌండుకి" అని చెప్పి బయటికి వచ్చేశాను.

అది ఆ పిల్ల పేరేనని నాకు తెలుసు. అది ఎందుకు పడిందో మాత్రం నా బుర్రకు ఎక్కలేదు. కాసేపటికి ఆ పిల్ల పదిహేడో ఎక్కం ఇరవైసార్లు రాసి స్టాఫ్ రూముకు తెచ్చింది. ముఖం కూడా చూడకుండా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి పంపాను.

సోమవారం హాజరు తీసుకుంటుంటే ఆ పిల్ల పలకలేదు. మళ్ళీ పిలిచాను. నా వైపు చూస్తూనే ఉంది గానీ నోరు విప్పలేదు. మంగళవారమూ అంతే. ఏ టీచర్ అడిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎంత పొగరు అనుకున్నాను. ఉన్నమాటే చెబుతున్నాను, నాకు మొదట తోచింది అదే.

బుధవారం మధ్యాహ్నం క్లాస్ లీడర్ స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. చున్నీ అంచు వేలికి చుడుతూ, విప్పుతూ, ఎంతకీ లోపలికి రాలేదు.

"ఏంది? చెప్పు" అన్నాను.

"మేడం, శనివారం నేను తప్పు చేసినట్టున్న. మీరే మాట్లాడమన్నరు కదా. ఆమె మాట్లాడింది. నేనేమో పేరు రాసిన."

నాకు తల కొట్టేసినట్టయింది. శిక్షణ నాకిచ్చారు, స్కేలు పెట్టి గీత గీసుకున్నది నేను, తప్పు పట్టుకున్నది పదమూడేళ్ళ పిల్ల. అదీ తన తప్పని చెబుతోంది. "నీది కాదు, నాది. నువ్వు పో" అని గట్టిగానే అన్నాను. పాపం, తిట్టాననుకుని ఏడుపు ముఖంతో వెళ్ళిపోయింది. నా కోపం నా మీదేనని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఇక మాట్లాడదామని గురువారం చూస్తే పిల్ల బడికి రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ సాయంత్రం బడి వదిలాక సంచీ భుజాన వేసుకుని మొజంజాహీ మార్కెట్‌కు నడిచాను. మూడు దుకాణాల్లో అడిగితే నాలుగోది అదే. తల్లి బత్తాయిలు పేరుస్తోంది. పిల్ల వెనక స్టూలు మీద కూర్చుని ఆపిల్ పండ్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి తల దించుకుంది.

తల్లి నన్ను కూర్చోమనలేదు. నేనే సంగతి ఎత్తాను.

"అమ్మా, పిల్ల ఎందుకొస్తలేదు?"

"నన్నడుగుతరేంది మేడం? నేను పోనంటది. ఎందుకే అంటే చెప్పదు. ఆఖరికి నిన్న రాత్రి చెప్పింది." ఆమె చేతిలోని బత్తాయిని గంపలో పెట్టింది. "మాట్లాడు అంటిరి. మాట్లాడితే కూసోవెడ్తిరి. గసొంటి సదువు మాకెందుకు? ఈ దుకాణం సేటు ఎట్లాగు ఇంకో మనిషి కావాలంటుండు. సోమవారమొచ్చి టీసీ తీస్కుంట."

ఎనిమిదో తరగతిలో టీసీ తీసుకుని దుకాణంలో కూర్చున్న పిల్ల మళ్ళీ బడి ముఖం చూడదు. నా సర్వీసులో అలాంటి వాళ్ళను చూశాను. అప్పుడల్లా వాళ్ళ ఇంటి పరిస్థితే కారణమనుకునేదాన్ని. ఈసారి కారణం నేనే. స్టూలు దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే. నువ్వు చెప్పింది నేను వినలే. నా మీద కోపంతోని సదువు ఇడిచిపెట్టకు" అన్నాను. పిల్ల ఇంకో ఆపిల్ అందుకుంది. తుడుస్తూనే ఉంది.

తల్లే మాట్లాడింది. "గీడ చెప్తే ఏం లాభం మేడం? క్లాసంత చూస్తుంటే నా బిడ్డను కూసోవెట్టిన్రు. గీడ ఎవరున్నరు, నేను, ఈ పండ్లు తప్ప?"

నాకు కోపం నషాళానికి అంటింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఇంతదూరం నడిచొచ్చి తప్పు ఒప్పుకున్నాను, ఇంకేం కావాలి? ఏమీ అనకుండా బయటపడి ఆబిడ్స్ వైపు విసవిసా నడిచాను. ఆటోలను తిట్టుకున్నాను, ఎదురొచ్చిన మనుషుల్ని తిట్టుకున్నాను. పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆమె అడిగింది న్యాయమే. నాకు సిగ్గుగా ఉంది, అందుకే కోపం వస్తోంది. ఒక పిల్లకు క్లాసు ముందు శిక్ష వేయడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు, అదే క్లాసు ముందు తప్పు ఒప్పుకోవాలంటే మాత్రం పోస్టాఫీసు దాకా పారిపోయి వచ్చాను.

వెనక్కి తిరిగాను. దుకాణం దగ్గరికి వెళ్ళి రోడ్డు మీది నుంచే చెప్పాను. "రేపు పంపించమ్మా. ఐదో పీరియడ్‌ల, అందరి ముందల చెప్త."

"వస్తదో రాదో దాని ఇష్టం" అంది తల్లి.

మర్నాడు పొద్దున హెడ్మిస్ట్రెస్‌కు ముందుగానే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు పిల్లకు సారీ చెప్తే రేపటినుంచి ఏ టీచర్ మాట ఎవరింటరు? పక్కకు పిలిచి చెప్పున్రి, ఖతం."

"పక్కకు పిలిచి నిన్ననే చెప్పిన మేడం. సరిపోలేదు."

"మీ ఒక్కరితోని పోదిది. అందరి ఇజ్జత్ పోతది."

"ఈ పీరియడ్ వద్దంటే వాపస్ తీస్కోండి. కానీ ఇయ్యాల చెప్పినంకనే" అన్నాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. వద్దని మాత్రం అనలేదు.

పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ గేటు దాకా దింపి వెళ్ళిందని ఆయా చెప్పింది. ఐదో పీరియడ్‌లో నేను క్లాసులోకి వెళ్ళగానే లీడర్ చాక్‌పీస్ కోసం లేవబోయింది. "వద్దు, కూసో. ఈ పీరియడ్‌ల ఎవరి పేరూ బోర్డెక్కదు" అన్నాను. తర్వాత బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాను. రైలు కూత ఒకటి వచ్చి కాస్త సమయం ఇచ్చింది.

"పోయిన శనివారం మిమ్మల్ని మాట్లాడమన్నది నేను" అన్నాను. "నలభై మందిల ఒక్కతే ధైర్యం చేసింది. ఆమె మాట నేను వినలే. పైనుంచి ఆట బంద్ చేసి ఎక్కాలు రాయించిన. లీడర్ తప్పేం లేదు, ఆ అలవాటు చేసింది మేమే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి." చివరి మాట ఆ పిల్ల వైపు తిరిగి అన్నాను. తర్వాత మళ్ళీ అందరి వైపు చూశాను. "ఆమె పక్కన ఎవరెందుకు కూసుంటలేరో, అది కూడ ఈ పీరియడ్‌లనే మాట్లాడుకుందాం. ఎన్ని శనివారాలు పట్టినా సరే, నేను ఇడిచిపెట్ట."

లీడర్ లేచి, "నేను కూడ అన్న మేడం, వాసనని" అంది. ఇంకెవరూ లేవలేదు గానీ చాలా తలలు వంగాయి.

నేను ఆ పిల్ల జవాబు కోసం చూస్తున్నాను. "పర్వాలేదు మేడం" అంటుందని అనుకున్నాను. పిల్లలు అలాగే అంటారు, మేము అనిపిస్తాము. ఆమె మెల్లగా లేచి నిలబడింది. వారం రోజుల తర్వాత ఆ గొంతు విన్నాను.

"నాకింక కోపం పోలే మేడం."

నాకు చెవులు వేడెక్కాయి. ఇంత చేశాక, అందరి ముందు, ఈ మాటా! నోటిదాకా వచ్చింది తిట్టు. పళ్ళు బిగించి ఆపాను. కోపం వస్తే కొట్టకుండా, తిట్టకుండా, మూగబోకుండా నోటితో చెప్పడం నేర్పాలనే కదా నన్ను ఈ గదిలో నిలబెట్టారు. ఆమె చెప్పింది. ఇప్పుడు వినడం నా వంతు.

"ఎప్పుడు పోతది?" అని అడిగాను.

"తెల్వది మేడం."

"సరే. పోయినంక చెప్పు. పోకున్నా చెప్పు. గప్పటిదాక రోజూ బడికి రావాలె."

ఆ పిల్ల నా ముఖంలోకి సూటిగా చూసింది.

"వస్త" అంది.