కొర్రమీను పడ్డ రోజు

మా అన్నయ్య కోడి ఈకలతో గాలాలు కట్టేవాడు. ఆదివారం పొద్దున్నే బారిడీహ్‌లోని మా స్టీలు మిల్లు క్వార్టర్ వెనక వరండాలో కూర్చుని, చికెన్ కొట్టు దగ్గర ఏరుకొచ్చిన పుంజు మెడ ఈకల్ని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టేవాడు. ఆరాక వాటిని కొక్కెం చుట్టూ ఎర్ర దారంతో బిగించేవాడు. ఎవరూ నేర్పలేదు. ఎక్కడో చలిదేశంలో కొండ చెరువు గట్టున నిలబడి జనం అలాంటి గాలాలు విసరడం ఫోన్‌లో చూశాడు. వాళ్లు పట్టే చేప మన వైపు ఉండదు.

"ఆ సేప నేకపోతే ఏటి? మనకి కొర్రమీను ఉంది కదా" అన్నాడు.

కొర్రమీను నీటి మీద ఏది కదిలినా ఊరుకోదు. పురుగనుకునో కప్పపిల్ల అనుకునో ఎగబడుతుంది. ఫాల్గుణం వచ్చేసరికి దల్మా కొండల కింద రిజర్వాయర్‌లో నీళ్లు వెనక్కి తగ్గి, గట్టు పొడవునా గడ్డి మునిగిన మడుగులు మిగులుతాయి. కొండ మీద మోదుగలు పూసి ఉండేవి. మేమిద్దరం స్కూటర్ మీద వెళ్లి మధ్యాహ్నం దాకా ఆ గడ్డి అంచుల్లో ఈకల్ని ఆడించేవాళ్లం. అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాన్న పోయాక తను చదువు మానేసి మిల్లులో చేరి నన్ను ఐటీఐ చదివించాడు. ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. నీళ్ల దగ్గర మాత్రం కొంచెం నవ్వేవాడు.

మూడేళ్ల కిందట వానాకాలంలో, షిఫ్ట్ దిగే వేళకి అన్నయ్య కుడిచెయ్యి కన్వేయర్ బెల్టులోకి పోయింది. నేను ఆసుపత్రికి చేరేసరికి చెయ్యంతా కట్టు కట్టేశారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు.

"ఎన్ని ఉన్నాయిరా?" అని అడిగాడు.

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "రెండు" అన్నాను. బొటనవేలు, చిటికెనవేలు. మధ్యలో మూడూ లేవు.

తర్వాత మిల్లువాళ్లు అతన్ని టూల్‌రూమ్‌లో కూర్చోబెట్టారు. వచ్చే పోయే సామానుకి ఎడమ చేత్తో టిక్కులు పెట్టడమే పని. ఇంట్లో అందరూ తిని లేచాకే తినేవాడు. గాలాలు, ఈకల డబ్బా, కర్రలు అన్నీ వరండాలో ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒక వసంతం అలాగే గడిచింది. అప్పటికి నేను వేరే ఇంట్లో ఉంటున్నాను. రెండో ఏడు హోలీ వెళ్లిన వారానికి, చూడ్డానికి వెళ్తే వదిన నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"బాబూ, ఓపాలి ఆయన్ని డ్యామ్‌కి తీసుకెల్లండి. సెలవొత్తే సాలు, గోడకేసి సూత్తా కూకుంటన్నారు."

నేను అడిగితే అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అతని పదహారేళ్ల కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే, "జావో న పాపా. ఘర్ మే క్యా కరోగే?" అంది. వెళ్లు నాన్నా, ఇంట్లో ఉండి ఏం చేస్తావు అని. ఆ మాటకి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు.

గాలం నేనే కట్టాను. చాలా వికారంగా వచ్చింది. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కర్ర మొదలు కుడి చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో విసరడం మొదలుపెట్టాడు. మొదటి విసురు కాళ్ల దగ్గరే పడింది. రెండోది తుమ్మకొమ్మకి చిక్కుకుంది. "ఉండు, నాను తీత్తాను" అంటూనే ఉన్నాడు. నేను అప్పటికే పరిగెత్తి విడదీసేశాను. మళ్లీ చిక్కుపడింది, మళ్లీ విడదీశాను. ఒక గంట గడిచాక చెయ్యి కుదిరింది. దారం సన్నగా గాలిలో సాగి, సరిగ్గా గడ్డి అంచున ఈక వాలింది. అన్నయ్య నా వైపు చూడలేదు. మెడ మాత్రం కొంచెం నిటారుగా అయింది.

ఆ తర్వాత నాలుగో విసురుకో అయిదో విసురుకో నీళ్లు ఒక్కసారిగా పగిలాయి. కర్ర విల్లులా వంగిపోయింది. కొర్రమీను, పెద్దది. అన్నయ్య ఎడమ చేత్తో దారం చుట్టే చక్రం తిప్పుతుంటే చంకలోంచి కర్ర జారిపోతోంది. దాన్ని ఆ రెండు వేళ్ల మధ్య నొక్కిపెట్టాడు. పక్కనున్న గాయపు మచ్చలు తెల్లగా పాలిపోయాయి. చేప నీళ్లలో మునిగిన చెట్ల మోళ్ల వైపు లాగుతోంది. అక్కడికి చేరితే దారం తెగుతుంది. నేను రెండంగల్లో వెళ్లి కర్ర అందుకున్నాను.

"ఒగ్గీరా!" అన్నాడు.

"పోతాది అన్నియ్యా!"

"ఒగ్గీ! నాదిరా అది, ఒగ్గీ!"

నాకు వినిపించలేదని తర్వాత వదినకి చెప్పాను. వినిపించింది. రెండుసార్లూ స్పష్టంగా వినిపించింది. చేప పోతుందన్న కంగారు ముందు వదిలెయ్యమన్న ఆ మాట చిన్నదిగా కనిపించింది, అంతే. భుజంతో అతన్ని పక్కకి నెట్టి, తిప్పి తిప్పి ఒడ్డుకి లాగాను. రెండు కేజీల పైనే ఉంటుంది. అవతల గాలాలు వేసుకున్న ఇద్దరు చప్పట్లు కొట్టారు. "భాయ్‌నే బచా లియా!" అని ఒకతను అరిచాడు. తమ్ముడు కాపాడేశాడట.

అన్నయ్య నీటి అంచున గొంతుకూర్చుని కుడిచెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. లేచి రోడ్డు వైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. సంచిలో చేప ఇంకా కొట్టుకుంటోంది.

"నువ్వు పట్టీసినావు. నువ్వే అట్టుకెల్లు" అని షేర్ ఆటో ఎక్కేశాడు.

చేపని పారేయలేక వాళ్లింటికే తీసుకెళ్లాను. కూతురు సంచిలోకి తొంగి చూసి కేక పెట్టింది. "చాచా, కిస్నే పకడా? పాపా నే?" ఎవరు పట్టారు, నాన్నేనా అని.

"హా" అన్నాను.

లోపలి గదిలోంచి అన్నయ్య బయటికి వచ్చాడు. "అబద్దం ఆడకు. మీ చాచా పట్టినాడమ్మా. నాను పక్కన నిల్సున్నాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. ఆ చేపని వదిన వండలేదు. పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.

నాకు మొట్టమొదటి చేప పడ్డప్పుడు పదమూడేళ్లు. భయపడి కర్ర పట్టుకోమని అన్నయ్య దగ్గర ఏడ్చాను. తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. దారం తెగి చేప పోయింది. ఆ రోజంతా అతన్ని తిట్టుకున్నాను. నన్ను అంత గౌరవించిన మనిషి ఇంకొకరు లేరని తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఒకసారి క్షమించమని అడిగాను. "ఏటికి?" అని పేపర్ తిరగేశాడు.

ఈ ఏడు మాఘంలో భుయ్యాడీహ్‌లో వైరింగ్ పని చూసుకుని నది వైపు సందులోంచి వస్తుంటే అన్నయ్య కనిపించాడు. సువర్ణరేఖ ఒడ్డున, చెత్తకుప్పలు దాటి, ఒక్కడే రాయి మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో వెదురు బద్ద, దానికి మామూలు దారం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. టూల్‌రూమ్‌లో ఓవర్‌టైమ్ అన్నాడని వదిన అంతకుముందే నాతో అంది. ఎర గుచ్చుతుంటే వానపాము జారి నీళ్లలో పడింది. మళ్లీ గుచ్చాడు. దారం చిక్కుపడితే ఒక కొసని పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో విడదీస్తున్నాడు. ఎంతకీ విడలేదు. వెళ్లి విప్పాలని నా చేతులు లాగాయి. సందు మొదట్లోనే గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

ఆ చిక్కు విప్పడానికి పావుగంట పైనే పట్టింది. ఒక్క చేపా పడలేదు. ఒకసారి తల తిప్పి నేనున్న వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. చెయ్యి ఎత్తలేదు. నేనూ పిలవలేదు, వెనక్కి తిరిగి వచ్చేశాను.

మర్నాడు వాళ్లింటికి వెళ్తే, అన్నయ్య గ్యాస్ సిలిండర్ ఇంకా రాలేదని, కూతురి పరీక్షలు దగ్గరకొచ్చాయని చెప్పాడు. నేను నది మాట ఎత్తకుండా ఊ కొట్టాను. టీ తాగి లేచాను.