దుమ్ము పట్టిన సరుకుకు రెండు మార్కులు

ఆ రోజుల్లో నాకు ఏ రెండు వస్తువులు కనబడినా పక్కపక్కన నిలబెట్టి మార్కులు వేయాలనిపించేది. ఇరానీ హోటళ్ల చాయ్‌కి వేశాను, సిటీ బస్సులకు వేశాను, చివరికి మా మేనత్తలు చేసే పచ్చిపులుసుకు కూడా వేశాను (ఆ పట్టిక బయటపడ్డాక ఒక మేనత్త రెండేళ్లు మా గడప తొక్కలేదు). ఉద్యోగంలో చేరాక ఆ జబ్బు కంప్యూటర్‌కు ఎక్కింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, ఒక ఇంటి మొదటి అంతస్తులో ఆరుగురం కూర్చుని ప్రైవేటు స్కూళ్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. కింద నుంచి కొత్తిమీర వాసన, పైన మా కోడింగు. పని లేని తీరికలో 'తక్కెడ' అని ఒక వెబ్‌సైటు పెట్టి, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములను తూచడం మొదలుపెట్టాను. అంటే ఎవరో సొంత సరదాకు రాసి, ఉచితంగా వాడుకోండి, కావాలంటే లోపలి రాత కూడా చూసి మార్చుకోండి అని ఇంటర్నెట్‌లో పెట్టేసినవి. ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టడంలో ఎంత సుఖముందో నాకు అప్పుడే తెలిసింది.

తూకం ఎలాగంటారా? చాలా తేలిక. మాది బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అమ్ముడుపోని గిన్నెలన్నీ తుడిచి, వెనక వరసవి ముందుకు తేవడం చిన్నప్పటి నుంచీ నా పని. దుమ్ము కనబడితే చాలు, గిరాకి "పురానా మాల్" అని పక్క దుకాణం మెట్లెక్కేస్తాడు. ఆ జ్ఞానాన్నే సాఫ్ట్‌వేర్‌కు తగిలించాను. ప్రోగ్రాంలో చివరి మార్పు ఏ తేదీన జరిగిందో చూడటం, పాతదైతే చచ్చిన సరుకని రాసేయడం. లోపలికి తొంగి చూసే ఓపిక నాకు లేదు, అవసరమూ కనబడలేదు.

ఒకసారి పెద్ద పోలిక పెట్టాను. ఒక పక్క ఐదు నేలమాళిగ ఆటలు. వాటిలో బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. ఈమెయిల్ అడ్రసు మధ్యలో వచ్చే ఆ వంకర గుర్తే హీరో. ఒక్కో అంతస్తూ దిగుతూ పోవాలి, చస్తే మళ్లీ మొదటి నుంచి రావాలి. రెండో పక్క నాలుగు బిల్డ్ టూల్స్, అంటే మనం విడివిడిగా రాసిన ముక్కలన్నిటినీ వరస ప్రకారం కలిపి, నడిచే ప్రోగ్రాంగా కట్టి ఇచ్చే పనిముట్లు. రెండు జాబితాల్లోనూ ఆఖరి స్థానం ఒకే మనిషికి దక్కింది. పేరు తెలియదు, 'పడవవాడు' అని పెట్టుకున్నాడు. అతని ఆటనూ, పనిముట్టునూ రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. "దుమ్ము పట్టిన సరుకు. కంపు కొట్టకముందే తీసేస్తే ఊరికి మేలు" అని రాసి, పదికి చెరి రెండు మార్కులు పడేశాను.

రాసిన మర్నాడు భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. పడీపడీ నవ్వారు. మాలో పెద్దవాడైన బాబాయి కూడా నవ్వాడు. గోదావరి వైపు మనిషి, యాభై దాటాయి, జహనుమాలో అద్దెకుండేవాడు. వరస ఏమీ లేకపోయినా ఆఫీసంతా ఆయన్ను బాబాయనే పిలిచేది. మేం రాసినవన్నీ కలిపి రోజూ ప్రోగ్రాం కట్టే ఏర్పాటు ఆయన చేసిందే. సాయంత్రం ఒక మీట నొక్కితే అంతా అదే చూసుకునేది కాబట్టి దాని వెనక ఏముందో మేమెవరం అడగలేదు.

నవ్వు ఆగాక బాబాయి పెరుగన్నం కలుపుకుంటూ, "ఆ ఆటలో చివరి అంతస్తు దాకా వెళ్లావా అబ్బాయ్?" అని అడిగాడు.

"ఏడికి పోయిన బాబాయ్, రెండో అంతస్తులనే ఎలుక కరిచి సచ్చిన. గట్లాంటి ఆట ఎవలు ఆడ్తరు?" అన్నాను.

ఆయన తలూపి, క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలూ బాబాయి భోజనం ఒక చేత్తో, ల్యాప్‌టాప్ ఒక చేత్తో నడిచాయి. ఈ వయసులో పేకాటకు మరిగాడని మేం ఏడిపించాం. ఇటు పడవవాడి పనిముట్టులో తేదీలు రోజూ కొత్తబడుతుండటం చూసి నేను పొంగిపోయాను. 'తక్కెడ దెబ్బకు చచ్చిన సరుకు లేచి కూర్చుంది' అని కింద ఒక ముక్క చేర్చి, రెండు మార్కులను నాలుగు చేశాను (ఆ ఔదార్యానికి నన్ను నేనే మెచ్చుకున్నాను).

ఒక శనివారం పొద్దున మీట నొక్కితే ప్రోగ్రాం కట్టుకోలేదు. సోమవారం పరీక్షలు, మా ప్రోగ్రాం కట్టుకుంటే తప్ప ఆరు స్కూళ్ల పిల్లలకు హాల్ టికెట్లు రావు. మేనేజర్ వచ్చి, "ఏంది బాబాయ్ గిది, స్కూలోళ్లు వచ్చి కింద నిలవడ్డరు" అంటూ ఆయన నెత్తిమీద నిలబడ్డాడు. బాబాయి చెమటలు తుడుచుకుంటున్నాడు. తెలివైనవాణ్ణి కదా, నేను మొదటిసారి ఆ మీట వెనకేముందో తెరిచి చూశాను. పైన మొదటి లైన్లోనే ఉంది, పడవవాడు అని. రోజూ అన్నం తింటున్న కంచానికే రెండు మార్కులు వేశానన్నమాట.

దాని కింద రెండు నెలల మార్పుల జాబితా ఉంది. 'కామా తీశాను.' మర్నాడు, 'కామా పెట్టాను.' ఆ మర్నాడు, 'తేదీ మార్చాను.' 'ఒక ఖాళీ లైను చేర్చాను.' పడవవాడు మా బాబాయే. భోజనాల దగ్గర ఒక చేత్తో ఆయన చేసింది మా గిన్నెలు తుడిచే పనే. శుక్రవారం నాటి చివరి మార్పు, 'అనవసరమైన లైను ఒకటి తీసేశాను.' ఆ ఒక్కటే అవసరమైన లైను. నేను తలెత్తి చూస్తే ఆయన కిటికీలోంచి టమాటా బుట్టలను చూస్తున్నాడు. ఇద్దరం కలిసి రెండేళ్ల నాటి పాత ప్రతిని తెచ్చిపెట్టాం. నిమిషంలో కట్టుకుంది. సాయంత్రానికి హాల్ టికెట్లు వెళ్లాయి. మేనేజర్ అందరి ముందూ కేకలేస్తుంటే బాబాయి "నాదే పొరపాటండి" అన్నాడు. ఆ పొరపాటు ఎందుకు జరిగిందో తెలిసిన రెండో మనిషిని నేను. నా తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. ఆ పని ఆయన చేతుల్లోంచి తీసేసి, స్కూళ్ల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆదివారం దుకాణంలో బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన ఒక ఇత్తడి గంగాళాన్ని వేలి కణుపుతో కొట్టి, మోత విని, పక్కన పెట్టాడు. "మా తాత అమ్మిన గంగాళం గిట్లనే ఉండె, నేను అమ్మేది గిట్లనే ఉన్నది. అండ్ల కొత్తగ మార్చుడేంది? దుమ్ము తుడుసుడు గిరాకి కండ్ల కోసం రా, గిన్నె కోసం కాదు" అన్నాడు. రేపే పోయి ఆయనను మాఫీ అడగమన్నాడు. అడుగుతానన్నాను.

సోమవారం బాబాయే నాకు చాయ్ తెచ్చిచ్చాడు. "మనసులో పెట్టుకోకు అబ్బాయ్. పూర్తయిపోయిందని వదిలేసినదాన్ని మళ్లీ కెలికింది నేనేగా" అన్నాడు. అడగడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. తీరా నోరు తెరిచి నేనన్నది, "నాలుగు మార్కులకు పెంచిన గద బాబాయ్" అని. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

నెల తిరిగేసరికి నాకు ఊరికి అటువైపు వేరే ఉద్యోగం దొరికింది. పడవవాడు తన ఆటనూ, పనిముట్టునూ ఇంటర్నెట్‌లోంచి తీసేశాడు. తక్కెడ కూడా మూతపడింది, దాని గురించి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాదీ ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, ఎవరైనా వాడుకోండని పెట్టాను. చేయాల్సిన పని చేస్తోంది కాబట్టి రెండేళ్లుగా ముట్టుకోలేదు. మొన్న ఒక కుర్రాడు, "అన్నా, గిది నడుస్తుందా, బందైందా?" అని రాశాడు. జవాబు రాయకముందే నా చెయ్యి దానంతటదే ప్రోగ్రాం తెరిచి, తీసేయడానికి ఒక ఖాళీ లైను కోసం వెతకడం మొదలుపెట్టింది. సిగ్గేసి ఆపాను. "నడుస్తది తమ్మీ. అయిపోయింది, గంతే" అని రాశాను.

బాబాయి ఆట ప్రతి ఒకటి నా పాత కంప్యూటర్‌లో మిగిలింది. ఆయన నంబరు కూడా ఫోన్‌లో ఉంది. చివరి అంతస్తు చూశాకే ఫోన్ చేసి, చూశాను బాబాయ్ అని చెప్పి, మాఫీ అడుగుదామని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. అడగడానికి అంతస్తులతో పని లేదని నాకు తెలుసు. అయినా నిన్న కూడా ఆడాను. నాలుగో అంతస్తులో ఎలుక కరిచింది.